బోరు నీళ్లు పోసిన పాత మారుతి 800 వేడెక్కుతోంది: ముందు థర్మోస్టాటా, రేడియేటరా?

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారి 2003 మోడల్ మారుతి 800, ఎంపీఎఫ్ఐ బండి, అంటే పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్ చూసుకునేది. ఆయన పోయాక మూడేళ్లు రేకుల షెడ్డు కింద కదలకుండా ఉండిపోయింది. అంతకుముందు కూడా రేడియేటర్‌లో ఎప్పుడూ ఇంటి బోరు నీళ్లే. ఇప్పుడు కొత్త బ్యాటరీ, టైర్లు వేసి బయటికి తీస్తే కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయేలోపే, పాల్వంచ దాటగానే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు పోతోంది. మూత తీసి చూస్తే నీళ్లు టీ డికాషన్‌లా ఉన్నాయి. ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే చిన్న తలుపు) పీకేద్దామన్నాడు, ఇంకో ఆయన రేడియేటర్ మార్చాల్సిందే అన్నాడు. ఎవరి మాట వినాలి?

ఇప్పటికి ఇద్దరి మాటా వద్దు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా నేను చేస్తున్నది చిన్న పెట్రోలు కార్ల పనే. మీరు చెప్పినలాంటి బండి వేసవి వస్తే వారానికొకటైనా షెడ్డుకు వస్తుంది. వాటిలో ఎక్కువ శాతం అప్పటికే రెండు మూడు పార్టులు మార్చించుకుని, డబ్బులు పోగొట్టుకుని వచ్చినవే. ఒక పార్టు చెడిపోతే ఆ పార్టు మారుస్తాం. కానీ మీ బండిలో పాడైంది నీళ్లు. ఆ నీళ్లు తిరిగిన ప్రతి చోటూ, అంటే ఇంజన్ బ్లాకు, హెడ్డు, పంపు, థర్మోస్టాట్, రేడియేటర్, హీటర్, పైపులు అన్నీ అనుమానించాల్సినవే. అందుకే ఏ వరసలో చూస్తామన్నది ఇక్కడ చాలా ముఖ్యం. వరస తప్పితే కొత్త రేడియేటర్ వారంలో పూడుకుపోతుంది.

ముందుగా, ఇంకో కిలోమీటరు కూడా ఆ బండిని అలా నడపొద్దు. ఈ ఇంజన్‌కు కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. మామూలు వేడికి ఈ తేడాను రెండింటి మధ్య ఉండే గ్యాస్కెట్ తట్టుకుంటుంది. ముల్లు ఎర్ర గీత దాటితే హెడ్డు వంగుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నీళ్లు బాగా తగ్గిపోతే సెన్సార్ నీళ్లలో మునగదు, ఖాళీలో వేలాడుతుంది. అప్పుడు ముల్లు పైకి పోవడానికి బదులు కిందికి దిగినట్టు చూపించవచ్చు. "ముల్లు నార్మల్‌కి వచ్చేసిందండీ, అందుకే ఆపలేదు" అని చెప్పినవాళ్ల ఇంజన్లు విప్పాను. అందువల్ల ముల్లు ఒక్కసారిగా దిగిపోతే సంతోషించకండి, బండి పక్కకు తీసి ఆపండి.

ఇక బోరు నీళ్ల సంగతి. మీ ఇంట్లో వాటర్ హీటర్ రాడ్డు చూడండి. బోరు నీళ్లు కాచీ కాచీ దాని మీద తెల్లగా, గరుగ్గా సున్నం పేరుకుని ఉంటుంది. ఇంజన్ లోపల సిలిండర్ల చుట్టూ ఉండే నీళ్ల గదుల్లో జరిగేదీ అదే. పైగా అక్కడ ఇనుము తుప్పు కూడా కలుస్తుంది. సున్నం, తుప్పు కలిసి ఇటుక రంగు పొరగా గట్టిపడతాయి. ఆ పొర ఉన్నంతసేపు సిలిండర్ వేడి నీళ్లలోకి సరిగా దిగదు. మీరు ఎంత మంచి రేడియేటర్ పెట్టినా, దాని దాకా వేడి రావాలి కదా. పైగా ఆవిరై తగ్గిన ప్రతిసారీ మళ్లీ బోరు నీళ్లు పోశారంటే, ప్రతిసారీ ఇంకొంచెం సున్నం పోసినట్టే. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది.

"మన దగ్గర మంచు పడదు, కూలెంట్ ఎందుకు?" అన్న మాట ఇప్పటికీ వింటూనే ఉంటాను. చలికి గడ్డకట్టకుండా చూడటం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. మనకు పనికొచ్చేవి మిగతావి. తుప్పు పట్టనివ్వని రసాయనాలు అందులో ఉంటాయి, మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. రేడియేటర్ మూత 0.9 కిలోల ప్రెషర్ పట్టి ఉంచితే అవే నీళ్లు సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ అయితే 125 కూడా దాటుతుంది. మే నెలలో కొత్తగూడెంలో ఎండ 45 డిగ్రీలు కొడుతున్నప్పుడు, ఏసీ వేసుకుని బొగ్గు లారీల వెనక నత్తనడక నడిచే బండికి ఆ తేడా ప్రాణం లాంటిది.

సరే, పనిలోకి వద్దాం. మొదట తేల్చాల్సింది హెడ్ గ్యాస్కెట్ బాగుందా లేదా అన్నది. అది పోయి ఉంటే మిగతా క్లీనింగ్ అంతా దండగ. పొద్దున్నే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీయొద్దు, గుడ్డ వేసి కూడా తీయొద్దు. నా దగ్గర పని నేర్చుకున్న ఒక కుర్రాడికి మోచేతి నుంచి మణికట్టు దాకా ఇప్పటికీ ఆ మచ్చ ఉంది. నీళ్లు నిండుగా పోసి, మూత పెట్టకుండా స్టార్ట్ చేసి చూడండి. మొదట్లో రెండు మూడు బుడగలు వస్తే అది లోపల చిక్కిన గాలి. అలాకాకుండా సోడా సీసాలోలాగా ఆగకుండా బుడగలు వస్తూ, యాక్సిలరేటర్ తొక్కగానే నీళ్లు పైకి పొంగితే సిలిండర్‌లోని గ్యాసు నీళ్లలోకి వస్తోందని అర్థం. ఆయిల్ పోసే మూత వెనక, డిప్‌స్టిక్ మీద కూడా చూడండి. పాలు ఎక్కువైన కాఫీ రంగులో జిగట కనబడితే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. ఒక్క మూత కిందే కొంచెం తెల్ల నురగ ఉంటే కంగారు పడకండి. చిన్న చిన్న దూరాలు తిరిగే బండికి అది చెమ్మ వల్ల కూడా వస్తుంది. ఇంకో గుర్తు ఏమిటంటే, మూత పెట్టి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే పై హోసు రాయిలా బిగుసుకుంటే అది వేడి వల్ల పుట్టిన ప్రెషర్ కాదు. అనుమానం మిగిలితే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. కొన్ని షెడ్లలో నీలం రంగు ద్రవంతో ఒక టెస్ట్ చేస్తారు. రేడియేటర్ నోటి దగ్గర గాలిని దానిలోంచి లాగితే, పొగ గ్యాసు ఉంటే నీలం కాస్తా పసుపు అవుతుంది. అది చూస్తే ఇక వాదన ఉండదు.

గ్యాస్కెట్ పోయిందని తేలితే హెడ్డు దించాలి, లేత్ వర్క్‌షాపులో చదును చూపించాలి. ఈ హెడ్డుకు 0.05 మిల్లీమీటర్లు మించి వంకర ఉండకూడదు. వంకర చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేసి బిగిస్తే మళ్లీ అదే కథ. గ్యాస్కెట్ బాగుందని తేలితే మాత్రం మీ అదృష్టం, మిగతాదంతా ఓపికతో అయ్యే పని.

ఇక్కడ థర్మోస్టాట్ గురించి. పీకేద్దాం అన్న మెకానిక్‌ను తప్పుపట్టను, అది మన దగ్గర తరతరాలుగా వస్తున్న అలవాటు. థర్మోస్టాట్‌లో మైనం గుళిక ఉంటుంది. సుమారు 82 డిగ్రీల దగ్గర అది కరిగి, వ్యాకోచించి, తలుపు తెరుస్తుంది. అది లేకపోతే ఇంజన్ ఎప్పుడూ కావాల్సినంత వేడెక్కదు. మీది ఎంపీఎఫ్ఐ కాబట్టి, ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజ్ పడిపోతుంది, ఆయిల్ చెడుతుంది. అసలు జబ్బు అలాగే ఉంటుంది. థర్మోస్టాట్ తీసి చూడండి, అంతే, పారేయకండి. గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచండి. 82 దగ్గర కదలడం మొదలై, 95 వచ్చేసరికి బాగా తెరుచుకోవాలి. చల్లారాక పూర్తిగా మూసుకోవాలి. మీ బండి వయసుకు ఎలాగూ కొత్తది వేయమంటాను. బిగించేటప్పుడు దాని అంచున ఉన్న చిన్న గాలి పిన్ను పైవైపుకు రావాలి.

థర్మోస్టాట్ కూర్చునే గూడు, అంటే హౌసింగ్, విప్పినప్పుడు లోపల చూపుడు వేలు పెట్టి తడమండి. గోడ నున్నగా లోహంలా తగిలితే లోపలి పరిస్థితి పర్వాలేదు. వేలికి ఎర్ర బురద అంటితే ఫ్లషింగ్‌తో పోతుంది. చెరుకు బెల్లం పాకం ఎండినట్టు గట్టి పెచ్చులు తగిలితే పని ఎక్కువ పడుతుంది.

వాటర్ పంపు విషయంలో మాత్రం ఒక బండి గురించి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక స్కూలు పిల్లల్ని తిప్పే ఓమ్నీ వచ్చింది. అదీ ఇదే ఇంజన్. రేడియేటర్ రెండుసార్లు మార్చించారు, ఫ్యాను మోటారు మార్చారు, థర్మోస్టాట్ అప్పటికే లేదు. అయినా ఎండెక్కితే వేడి. పంపు దగ్గర చుక్క నీరు కారడం లేదు, శబ్దం లేదు, కప్పీ ఊగడం లేదు. అందుకని ఎవరూ దాని జోలికి పోలేదు. నేను కూడా చివరి దాకా దాన్ని అనుమానించలేదు. మూత తీసి ఇంజన్ రేజ్ చేస్తే రేడియేటర్ నోట్లో నీళ్లు అలా నిలబడే ఉన్నాయి, పారుతున్న జాడ లేదు. అప్పుడు పంపు విప్పాను. చేతిలోకి తీసుకున్నాక నమ్మబుద్ధి కాలేదు. నీళ్లను తోసే రేకు రెక్కలు ఉండాల్సిన చోట అరిగిపోయిన మొలకలు మిగిలాయి, అంచులు బ్లేడంత పల్చన. ఒకటి నా వేళ్ల మధ్య బిస్కెట్ ముక్కలా విరిగింది. తుప్పు నీళ్లు ఆ రెక్కల్ని లోపల్నుంచి తినేశాయి. బయటి నుంచి చూస్తే మాత్రం పంపు పూర్తి ఆరోగ్యంగా ఉంది. ఆ రోజు నుంచి తుప్పు నీళ్లతో వచ్చిన ఏ బండికైనా పంపు విప్పి చూడకుండా రేడియేటర్ మాట ఎత్తను. మీరు కూడా విప్పించండి. పంపు కింద చిన్న బొక్క దగ్గర ఎండిన తెల్ల మరక లేదా పచ్చ మరక ఉంటే సీలు పోయిందని అర్థం. అదే పనిలో టైమింగ్ బెల్టు వయసు కూడా చూడండి. రబ్బరు కిలోమీటర్లతోనే కాదు, ఏళ్లతోనూ ముసలిదవుతుంది.

క్లీనింగ్‌లో అందరూ చేసే పొరపాటు, ఇంజన్‌నూ రేడియేటర్‌నూ కలిపి ఫ్లష్ చేయడం. ఇంజన్‌లో ఊడిన పెచ్చులన్నీ నేరుగా రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పోయి ఇరుక్కుంటాయి. మంచి రేడియేటర్‌ను మనమే చంపినట్టు అవుతుంది. పై హోసు, కింది హోసు రెండూ ఊడదీసి దేనికదే కడగండి. థర్మోస్టాట్ తీసేసి ఉన్న ఇంజన్‌కు తోట పైపుతో నీళ్లు మామూలుగా తిరిగే దిశకు ఎదురుగా పెట్టండి. మొదట కాఫీ రంగు, తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత పల్చటి పసుపు వస్తుంది. నీళ్లు తేటపడే దాకా ఆపకండి, గంట పట్టినా సరే. బ్లాకు డ్రెయిన్ బోల్టు తుప్పు పట్టి ఉంటే బలవంతం చేయొద్దు, విరిగితే పెద్ద తలనొప్పి. హీటర్‌ను మర్చిపోకండి. మన వైపు హీటర్ ఎవరూ వాడరు కాబట్టి దాని పైపులు వంచి కట్టేసిన బండ్లు బోలెడు ఉన్నాయి. ఉంటే దాన్ని కూడా విడిగా, తక్కువ ప్రెషర్‌తో కడగండి. పని అయ్యాక హీటర్ మళ్లీ కలపండి. ఎప్పుడైనా దారిలో ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెడితే, ఆ చిన్న రేడియేటర్ కాస్త వేడిని లాగి మిమ్మల్ని చెట్టు నీడ దాకా చేరుస్తుంది.

ఉత్త నీళ్లతో పోని సున్నానికి నిమ్మ ఉప్పు వాడతాను. కిరాణా కొట్లో దొరికేదే. లీటరు నీళ్లకు 40, 50 గ్రాములు చాలు. రేడియేటర్ కడిగేశాక అన్నీ కలిపి, ఈ నీళ్లు నింపి, ఇంజన్ మామూలు వేడికి వచ్చాక పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి, చల్లారనిచ్చి వదిలేయండి. రాత్రంతా లోపల ఉంచొద్దు. హెడ్డు అల్యూమినియం, యాసిడ్ దాన్నీ తింటుంది. తర్వాత చెంచాడు వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మామూలు నీళ్లతో మూడు నాలుగుసార్లు కడగండి. బాగా పెచ్చులు ఊడుతుంటే పై హోసు రేడియేటర్‌లోకి దిగే చోట పాత మేజోడు ముక్క కట్టి చూస్తే ఎంత చెత్త వస్తోందో కనబడుతుంది. ఆ గుడ్డను మాత్రం తీయడం మర్చిపోవద్దు. బాత్రూం యాసిడ్ పోసే మెకానిక్‌లు ఉన్నారు, కాస్టిక్ సోడా పోసేవాళ్లు ఉన్నారు. ఎవరు ఎంత అనుభవం ఉందని చెప్పినా ఆ రెండూ ఒప్పుకోవద్దు. సున్నంతో పాటు మీ హెడ్డు కూడా కరుగుతుంది.

ఇంకో సంగతి, కడిగాక కొత్త లీకులు కనబడితే భయపడకండి. కొన్నిచోట్ల తుప్పే అడ్డుపడి రంధ్రం మూసి ఉంటుంది. బ్లాకు పక్కల రేకు మూతలు, వెల్చ్ ప్లగ్గులంటాం, ఇంజన్ వెనకగా పోయే ఇనప నీళ్ల పైపు, ఈ రెండు చోట్లే ఎక్కువగా బయటపడుతుంది. అవి ఇంటి దగ్గర బయటపడటమే మంచిది, దారిలో సారపాక దగ్గర రాత్రి పూట కాదు. లీకు ఆగడానికి పసుపు, గుడ్డు తెల్లసొన, లీక్ పౌడర్ లాంటివి వెయ్యొద్దు. పసుపు ఇల్లు చేరడానికి పనికొస్తుంది, నేనూ ఒకప్పుడు వేశాను. కానీ అది రంధ్రాన్ని ఒక్కదాన్నే వెతుక్కుంటూ పోదు, సన్నటి గొట్టాలన్నిటినీ పూడ్చేస్తుంది.

ఇప్పుడు రేడియేటర్. మార్చాలా వద్దా అనేది ఇక్కడ తేలుతుంది. గొట్టాలకు రెండు చివర్లా ఉండే తొట్లు ఇత్తడివైతే రాగి రేడియేటర్. దాన్ని రేడియేటర్ పనివాళ్లు తొట్లు విప్పి, గొట్టాల్లో సన్నటి ఇనప పట్టీ దూర్చి శుభ్రం చేసి మళ్లీ మాటు పెడతారు. మంచి పనివాడి చేతిలో పడితే ఇంకో పదేళ్లు వస్తుంది. తొట్లు నల్ల ప్లాస్టిక్ అయితే మధ్యలో గొట్టాలుండే భాగం, అంటే కోర్, అల్యూమినియం. దానికి ఈ పని కుదరదు. పూడుకుపోతే కొత్తదే. పూడిక తెలుసుకోవడానికి ఇంజన్ బాగా వేడయ్యాక ఆపేసి, ఫ్యాను నిలిచాక, కోర్ మీద అక్కడక్కడా చేయి దగ్గరగా పెట్టి చూడండి. కొన్ని భాగాలు మిగతా వాటికంటే చల్లగా ఉంటే అక్కడ నీళ్లు పారడం లేదు. అంతకన్నా ముందు బయటి వైపు చూడండి. మూడేళ్లు నిలబడిన బండి, గొట్టాల మధ్య సన్నటి రేకులు, అంటే ఫిన్ల మధ్య దుమ్ము, పురుగులు, ఎలుకలు తెచ్చిన గడ్డి కూడా ఉండొచ్చు. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో ఉన్న చెత్త ముందు నుంచి కనబడదు. ఇంజన్ వైపు నుంచి ముందుకు, మెల్లగా నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్లు వాలిపోయి గాలి ఇంకా ఆగిపోతుంది.

రబ్బరు హోసులు మొత్తం మార్చండి, ఒకటి రెండు కాదు. పైవీ కిందవీ అందరూ మారుస్తారు, చిన్న బైపాస్ హోసును వదిలేస్తారు. తర్వాత పగిలేది అదే. క్లిప్పులు కూడా కొత్తవి. రేడియేటర్ మూత తప్పనిసరిగా కొత్తది, పాతదాని మీద ఎంత ప్రెషర్ రాసి ఉందో అంతదే. ఎక్కువదైతే బలంగా ఉంటుందని పెద్దది పెట్టకండి, బలహీనమైన హోసు పగులుతుంది. మూతలో రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి ప్రెషర్ ఎక్కువైతే నీళ్లను రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ బాటిల్‌లోకి పంపుతుంది, రెండోది చల్లారాక మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. పొద్దున చూస్తే హోసు చప్పిడి దవడలా లోపలికి పీక్కుపోయి ఉందంటే రెండో వాల్వు పనిచేయడం లేదు. ఫ్యాను మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. తిరిగితే సరిపోదు, గట్టిగా గాలి కొట్టాలి. నీరసంగా తిరిగే ఫ్యాను హైవే మీద తెలియదు, ట్రాఫిక్‌లో చంపుతుంది.

చివరికి నింపడం. కూలెంట్ డబ్బా మీద ఐఎస్ 5759 లేదా జేఐఎస్ కె 2234 అని ఉందో లేదో చూడండి. రంగును నమ్మకండి, రంగుకు ఏ ప్రమాణమూ లేదు. పచ్చదానిలో ఎర్రది కలపొద్దు. రెడీమిక్స్ తీసుకుంటే నీళ్లు కలపనక్కర్లేదు. కాన్సంట్రేట్ తీసుకుంటే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీలో పోసే నీళ్లు. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోస్తామంటారు కొందరు. అవి మెత్తటి నీళ్లే కానీ కాయిల్ మీది దుమ్ము, లోహం కలిసి వస్తాయి. నేను వాడను. బండి ముక్కు కొంచెం ఎత్తులో ఉండేలా వాలు మీద పెట్టి, హీటర్ తెరిచి, మూత లేకుండా నెమ్మదిగా పోయండి. స్టార్ట్ చేసి, పై హోసును మధ్య మధ్య నొక్కుతుంటే గాలి బుడగలు బయటికి వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి దిగుతుంది, పై హోసు చురుక్కుమంటుంది. అప్పుడు మళ్లీ నింపి మూత పెట్టండి. ఫ్యాను రెండుసార్లు వచ్చి ఆగే దాకా అక్కడే నిలబడి చూడండి.

తీసేసిన పాత కూలెంట్ ఎప్పుడైనా వాకిట్లో, కాలువలో పోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెడతారు. అది విషం. డబ్బాలో పట్టి మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇవ్వండి.

మొదటి నెల ఈ కూలెంట్‌ను ఆఖరిది అనుకోవద్దు. పాత బండిలో ఇంకా కొంత తుప్పు వదులుతూనే ఉంటుంది. అందుకే మొదటిసారి ఖరీదైనది వద్దు, మామూలుది పోయండి. వారం రోజులు ప్రతి ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాటిల్‌లో మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకుని చూడండి. మొదటి రెండు మూడు రోజులు కాస్త దిగడం సహజం, గాలి సర్దుకుంటుంది. ఆ తర్వాత కూడా దిగుతూ ఉంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మళ్లీ గ్యాస్కెట్ దగ్గరికే రావాలి. నెల తర్వాత రంగు మళ్లీ గోధుమ వర్ణానికి తిరిగితే దించేసి, డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి, అప్పుడు మంచి కూలెంట్ పోయండి. అది మామూలు పచ్చదైతే రెండేళ్లకోసారి మార్చాలి. ఈ పని ముగిశాక పాల్వంచ దాటి, బూర్గంపాడు దాటి, గోదావరి వంతెన మీదికి వచ్చేదాకా ముల్లు సగం కింద కదలకుండా ఉండాలి. ఉండకపోతే హోసులు ఎలా ఉన్నాయి, పొద్దున మట్టం ఎంత, వేడెక్కింది ట్రాఫిక్‌లోనా స్పీడులోనా అన్నది రాయండి, అక్కడి నుంచి చూద్దాం.